చింతపండుతో తోమిన చక్రవర్తి

నల్లబడిన రాగి కంటపడితే రాధారాణి చేతులు ఊరుకోవు. రాజమండ్రిలో సొంతింట్లో అయినా ఊరుకోవు, అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో కూతురింట్లో అయినా ఊరుకోవు. ఆ శుక్రవారం పొద్దున్న కూతురూ అల్లుడూ ఆఫీసులకీ, మనవరాలు హంసిక స్కూలుకీ వెళ్ళిపోయాక, ఆవిడ దేవుడి సామానంతా సింకులో వేసుకుంది. కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణె, హారతి పళ్ళెం. వేణ్ణీళ్ళలో నానిన చింతపండు, గుప్పెడు ఉప్పు, గిన్నెలు తోముకునే ఆకుపచ్చ పీచు. అరగంటలో అన్నీ తళతళలాడాయి. పని అయిపోయిందని తెలిసినా చేతులు ఆగలేదు. ఆవిడతో వచ్చిన చిక్కే అది.

కిటికీ గట్టు మీద ఒక చిన్న గాజు సీసా ఉంది. అందులో మురికినీళ్ళు, నీళ్ళ అడుగున నల్లటి బిళ్ళ. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. కలశంలో వేసే రాగి కాసులా ఉంది. అత్తగారి నాటిది, ఊరినుంచి గుడ్డలో చుట్టి మరీ తెచ్చుకుంది. పిల్ల ఆడుకోవడానికి తీసి, నీళ్ళలో పడేసి, మరిచిపోయిందనుకుంది. దేవుడి వస్తువు ఇలా పారేస్తారా అని పైకే విసుక్కుంది. మిగిలిన చింతపండంతా దాని మీద పిండి, పది నిమిషాలు నానబెట్టి, పీచుతో రుద్దింది. నలుపు ఒక పట్టాన వదల్లేదు. రాధారాణి అంతకంటే మొండిది. ఇంకో పది నిమిషాలు రుద్దేసరికి అది లేత గులాబీ రంగు తేలి కొత్త రాగి చెంబులా మెరిసింది. అచ్చు ఏమిటో కూడా చూడకుండా దానికి కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి ముందు పళ్ళెంలో ఉంచి, తృప్తిగా కాఫీ కలుపుకుంది.

మూడున్నరకి హంసిక స్కూలు బస్సు దిగి ఇంట్లోకి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల. వస్తూనే బ్యాగ్ కూడా దించకుండా కిటికీ దగ్గరికి వెళ్ళడం దానికి అలవాటు.

"అమ్మమ్మా, జార్‌లో నా కాయిన్ ఎక్కడుంది?"

"కాయినేమిటే? మన కలశం కాసు కదూ అది. తోమి దేవుడి దగ్గర పెట్టాను చూడు, ఎంత బాగా వచ్చిందో."

హంసిక పూజగదిలోకి వెళ్ళింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. రాధారాణి వెళ్ళి చూస్తే, పిల్ల ఆ బిళ్ళని అరచేతిలో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దీన్ని ఎలా క్లీన్ చేశావు?"

"చింతపండు వేసి."

"ఇది ఫోర్టీన్ హండ్రెడ్ ఇయర్స్ ఓల్డ్, అమ్మమ్మా."

రాధారాణి గబగబా కలశం పెట్టె మూత తీసింది. గుడ్డలో చుట్టిన అత్తగారి కాసు ఎక్కడిది అక్కడే భద్రంగా ఉంది.

సంగతేమిటంటే, ఆ ఊరి లైబ్రరీలో పిల్లల కోసం పాత నాణేల క్లబ్బు ఒకటి నడుస్తోంది. ఇంగ్రిడ్ అనే లైబ్రేరియన్ దాన్ని చూసుకుంటుంది. మట్టిలోంచి తీసిన తూర్పు రోమన్ రాజ్యపు నాణేలు, మన్నూ చిలుమూ వదలనివి, టోకున కొని పిల్లకొకటి చొప్పున ఇచ్చింది. అది ఏ రాజు వేయించిందో ఎవరికి వాళ్ళే తేల్చి, ప్రదర్శన రోజున నలుగురి ముందూ చెప్పాలి. నియమం ఒక్కటే. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం, వారానికోసారి మెత్తటి బ్రష్‌తో తుడవడం, అంతకుమించి ఏ మందూ మాకూ వాడకూడదు. హంసిక పదకొండు వారాలు అలాగే కాచుకుంది. ఒకవైపు పెద్ద M అక్షరం బయటపడింది. రెండోవైపు పక్కపక్కన ఇద్దరు మనుషులున్నారు. వాళ్ళు కూర్చున్నారో నిలబడ్డారో మాత్రం ఇంకా తేలలేదు. రాజూ రాణీ కూర్చుని ఉంటే ఒక చక్రవర్తిది, తండ్రీ కొడుకూ నిలబడి ఉంటే నలభై ఏళ్ళ తర్వాతి ఇంకో చక్రవర్తిది. కాళ్ళ దగ్గర మట్టి ఊడితే తెలిసిపోతుంది. ఇంకో వారం చాలు అనుకుంది పిల్ల.

ఇప్పుడు అక్కడ మట్టీ లేదు, కాళ్ళూ లేవు. పీచు దెబ్బకి నడుము కిందంతా చదునైపోయింది.

"అడగొచ్చుగా అమ్మా," అంది సాయంత్రం ఇంటికొచ్చిన కూతురు తార. తిట్టలేదు, ఆ ఒక్క మాటే అంది. అల్లుడు నీరజ్ "పర్లేదండీ అత్తయ్యగారూ, ఇంకోటి ఇస్తారేమో అడుగుదాం" అన్నాడు. హంసిక మాత్రం పెదవి విప్పలేదు. కేకలేసి ఏడ్చి ఉంటే రాధారాణికి కాస్త ఊపిరాడేది. ఆ పిల్ల పళ్ళెంలో ఉన్నది తిని, పళ్ళెం కడిగి పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

శనివారం మాటల్లేవు. ఆదివారం లేవు. ఎదురుపడితే పక్కకి తప్పుకునేది, అడిగినదానికి తల ఊపేది. ఆ వారం ఆ ఇంట్లో ఎవరూ పులిహోర పేరెత్తలేదు. వచ్చే శనివారం ప్రదర్శన, ఆ తర్వాత మంగళవారం రాధారాణి ప్రయాణం. ఆరు నెలలు ఈ పిల్ల జడ వేసి, దాని వచ్చీరాని తెలుగుకి నవ్వి, దాని చేత నవ్వించుకుని, చివరికి మొహం చూపించుకోలేక విమానం ఎక్కాలా? బట్టలు సర్దుకుంటూ ఆ మాటే అనుకుంటుంది, బియ్యం కడుగుతూ ఆ మాటే అనుకుంటుంది. వందల ఏళ్ళు మట్టిలో చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని ఇరవై నిమిషాల్లో అరగదీశాను కదా అని తన చేతులని తనే తిట్టుకుంది.

సోమవారం పొద్దున్న చెత్త బయట పెట్టబోతే సంచిలో ఆ బిళ్ళ కనిపించింది. పిల్ల పారేసింది. రాధారాణికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద కోపమో ఆవిడకే తెలియదు. బిళ్ళని కడిగి, కొంగుతో తుడిచి, కిటికీ దగ్గర కూర్చుంది. ముసురు విడిచి కాస్త ఎండ కాస్తోంది. బొటనవేలు M అక్షరం మీద ఊరికే తిప్పింది. తిప్పిన వేలు ఒకచోట ఆగింది.

ఇక్కడ ఆవిడ పుట్టిల్లు గురించి చెప్పాలి. రాధారాణి తండ్రి అనంతరామయ్య రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక గిన్నెల కొట్టు అరుగు మీద కూర్చుని పేర్లు కొట్టేవాడు. స్టీలు గిన్నె కొన్నవాళ్ళు దాని మీద పేరు కొట్టించుకోకుండా ఇంటికి తీసుకెళ్ళని రోజులవి. చిన్న ఉలి, చిన్న సుత్తి, చుక్క పక్కన చుక్క. ఎనిమిదో ఏట నుంచే ఆయన పక్కన కూర్చున్న రాధారాణికి పదో ఏటికి చెయ్యి తిరిగింది. పెళ్ళయ్యేదాకా ఆవిడ చేత్తో కొట్టిన పేర్లు ఆ ఊళ్ళో ఎన్ని వంటిళ్ళలో ఉన్నాయో లెక్కలేదు. పాత గిన్నెలు కూడా వచ్చేవి. అన్నదమ్ములు పంచుకున్నవి, చేతులు మారినవి. పాత పేరు అరగదీయించడానికి ఓపిక లేనివాళ్ళు దాని మీదే కొత్త పేరు కొట్టమనేవాళ్ళు. అలా కొడితే పైచుక్కల అంచు గరుగ్గా నిలబడుతుంది, కింది చుక్కలు అణిగి మెత్తబడతాయి, కానీ పోవు. వేలు పెట్టి చూస్తే కింద ఎవరున్నారో చెప్పేయొచ్చు.

ఈ బిళ్ళ మీద M కింద ఎవరో ఉన్నారు.

ఆవిడ దాన్ని ఎండకి ఏటవాలుగా పట్టుకుంది. M కాళ్ళ సందుల్లో, ఎడమ అంచు దగ్గర, సన్నటి గీతలు అడ్డంగా దాటుకుంటున్నాయి. ఇంటూ గుర్తులు. ఒకటి, రెండు, అదుగో మూడోది సగం. ఇన్నాళ్ళూ నల్లటి చిలుము కప్పేసిన గీతలు, చింతపండు దెబ్బకి బయటపడ్డాయి. ఈ నాణేన్ని రెండుసార్లు కొట్టారు. చదువు సంగతి ఆవిడకి తెలియదు, రాజుల సంగతి అసలే తెలియదు. సుత్తి దెబ్బ సంగతి మాత్రం తెలుసు.

తెలిసింది సరే, పిల్ల వినాలి కదా. మూడున్నర దాకా ఆవిడకి కాలూ చెయ్యీ ఆడలేదు. ఆలోచించి ఆలోచించి, అల్మరాలోంచి, ఊరినుంచి తెచ్చుకున్న ఊరగాయ గిన్నె తీసి, ఊరగాయ సీసాలోకి మార్చి, గిన్నె కడిగి బల్ల మీద పెట్టింది. పక్కన నాణెం పెట్టింది.

హంసిక వచ్చింది. పారేసిన నాణెం మళ్ళీ బల్ల మీద కనబడేసరికి మొహం ముడుచుకుంది.

"మాట్లాడకపోతే మానెయ్, ఒక్కసారి చూడు," అంది రాధారాణి. "నాణెం కాదు. ముందు ఈ గిన్నె చూడు. ఏం రాసుంది?"

పిల్లకి తెలుగు చదవడం కూడబలుక్కుంటే వస్తుంది. నిలబడే చూసింది. పెదవులు కదిలాయి కానీ మాట పైకి రాలేదు.

"రాధారాణి అని నా పేరు. నేనే కొట్టాను. దాని కింద చూడు, ఇంకో పేరుంది. గౌరి. మా అత్తగారు, మీ అమ్మకి నాన్నమ్మ." ఆ తర్వాతి సంగతి ఆవిడ ఇంతవరకూ కూతురికి కూడా చెప్పలేదు. "నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఆవిడ నాకు వంటింటి తాళాలు ఇచ్చారు. ఇచ్చిన రోజునే పచ్చట్లో ఉప్పెక్కువైందని పదిమందిలో అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంక ఈ వంటిల్లు నాది అనుకుని, ఉలి తీసుకుని ఆవిడ పేరు మీద నా పేరు కొట్టేశాను. పక్కన ఇంత ఖాళీ ఉంది. అయినా మీదే కొట్టాను."

హంసిక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆవిడ చూశారు. ఆ గిన్నెలోనే నాకు మజ్జిగ పోసి ఇచ్చారు. పోయేదాకా ఒక్కసారి కూడా ఎత్తలేదు ఆ మాట. సారీ చెబుదామని రోజూ అనుకున్నాను, ఇరవై ఏళ్ళు అనుకుంటూనే ఉన్నాను. నీకు మాత్రం అంత ఆలస్యం చెయ్యను. తప్పు నాదే తల్లీ. అడక్కుండా నీ వస్తువు ముట్టుకున్నాను. పాడుచేశాను. సారీ."

పిల్ల గిన్నె వైపే చూస్తోంది. వేలు చాపి 'గౌ' మీద పెట్టింది.

"స్టిల్ దేర్," అంది మెల్లగా. మూడు రోజుల తర్వాత దాని నోట వచ్చిన మొదటి మాట.

"ఉంటుంది. పైన ఎంత గట్టిగా కొట్టినా కింద ఉంటుంది. ఇప్పుడు నీ నాణెం మీద వేలు పెట్టు. ఇక్కడ, M సందులో."

హంసిక వేలు పెట్టింది. మళ్ళీ పెట్టింది. లేచి గదిలోకి పరుగెత్తి, భూతద్దమూ లావుపాటి బైండరూ తెచ్చింది. తల వంచి చూస్తూ వేళ్ళు మడిచింది.

"అమ్మమ్మా, ఇవి ఎక్స్‌లు. ఫోర్ ఎక్స్‌లు ఉండాలి, లాస్ట్‌ది కవర్ అయిపోయింది. ఎక్స్ అంటే టెన్. ఫోర్ టెన్స్."

"నలభై."

"యా. అది కాయిన్ వాల్యూ. ఇంకా M కూడా గ్రీక్‌లో ఫార్టీ." బైండర్ పేజీలు గబగబా తిప్పుతోంది. "ఎక్స్‌లు వేసింది ఫోకాస్. హి వాజ్ బ్యాడ్. సోల్జర్. ఓల్డ్ కింగ్‌ని చంపేసి కింగ్ అయ్యాడు, కింగ్ కిడ్స్‌ని కూడా చంపేశాడు. తర్వాత హెరాక్లియస్ షిప్స్‌లో వచ్చి ఇతన్ని చంపేశాడు. అప్పుడు పర్షియాతో బిగ్ వార్. కాయిన్స్ మెల్ట్ చేసి కొత్తవి చెయ్యడానికి టైమ్ లేదు, సో..."

"ఉన్నవాటి మీదే కొట్టేశాడు."

"ఉన్నవాటి మీదే కొట్టేశాడు," అని హంసిక ఆ మాట అలాగే తిరిగి అంది. అంతలో దానికి ఇంకోటి తట్టింది. కళ్ళు పెద్దవయ్యాయి. "వెయిట్. సిట్టింగ్ కింగ్ ఫోకాస్ కంటే ముందు. స్టాండింగ్ కింగ్ ఫోకాస్ తర్వాత. ఫోకాస్ కింద ఉన్నాడు అంటే, పైన ఉన్నవాళ్ళు తర్వాతవాళ్ళే అవ్వాలి. వాళ్ళు స్టాండింగ్. ఫాదర్ అండ్ సన్. నాకు కాళ్ళు అక్కర్లేదు."

రాధారాణికి సగమే అర్థమైంది. ఆ సగం చాలు. పిల్ల భుజం ఆవిడ భుజానికి ఆనుకుని ఉంది.

"ఎవడు చంపాడో ఎవడు చచ్చాడో గాని," అందావిడ, "అప్పుడు ఊళ్ళో కూరగాయలు కొనుక్కునే ఆవిడకి ఆ రోజూ నలభయ్యే, ఈ రోజూ నలభయ్యేనన్నమాట."

హంసిక ఆ మాట బైండర్‌లో రాసుకుంది.

శనివారం ఇంటిల్లిపాదీ లైబ్రరీకి వెళ్ళారు. ప్రదర్శన మొదలవకముందే హంసిక నాణేన్ని ఇంగ్రిడ్ చేతిలో పెట్టి జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఇంగ్రిడ్ తెల్లజుట్టు మనిషి, సూటిగా మాట్లాడుతుంది. గులాబీ రంగు రాగిని చూసి ఆవిడ మొహం పాలిపోయింది. పోయిన పైపొర మళ్ళీ రాదని చెప్పింది. ఇంకెప్పుడూ ఇలా చేయనివ్వకూడదని కూడా చెప్పింది. రాధారాణికి ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఈ మాటలు తర్జుమా లేకుండానే తెలిశాయి. తప్పించుకోవాలని చూడలేదు. తల వంచుకుని నిలబడింది.

తర్వాత ఇంగ్రిడ్ కంటికి భూతద్దం బిగించుకుని చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. తార చెయ్యి తల్లి చేతిని పట్టుకుంది.

"నాలుగో ఎక్స్ కొస కూడా ఉంది," అంది ఇంగ్రిడ్ చివరికి. "దాదాపు ఖాయం. అది సరే, రెండోసారి కొట్టారని నీకెలా తట్టింది?"

"మా అమ్మమ్మ వేలితో చదివింది," అంది హంసిక ఇంగ్లీషులో. "షీ ఈజ్ ద ఎక్స్‌పర్ట్."

తన వంతు వచ్చినప్పుడు పిల్ల తడబడకుండా చెప్పింది. చంపినవాణ్ణి, చచ్చినవాణ్ణి, ఓడల్లో వచ్చినవాణ్ణి, ఆ యుద్ధం ఎన్నేళ్ళు సాగిందో, రాజ్యం సగం పోయి మళ్ళీ ఎలా వచ్చిందో అన్నీ చెప్పింది. రాజులు మారినా నలభై నలభైగానే ఉందన్న మాట చెప్పి, అది అమ్మమ్మ మాట అని కూడా చెప్పింది. నాణెం పక్కన పెట్టే అట్ట మీద ఏం రాసిందో అప్పుడుగానీ రాధారాణి చూడలేదు. మూడు వరుసలున్నాయి. మొదటిసారి కొట్టించింది: ఫోకాస్. రెండోసారి కొట్టించింది: హెరాక్లియస్. చింతపండుతో తోమింది: రాధారాణి, బాతెల్. ఆఖరి వరుస మాత్రం వంకరటింకర తెలుగు అక్షరాల్లో ఉంది. చదివి ఆవిడ నవ్వబోయింది, నవ్వలేక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం పిల్ల స్కూలు నుంచి వచ్చేసరికి పెట్టెలు సర్దడం అయిపోయింది. ఊరగాయ గిన్నె మాత్రం బల్ల మీదే ఉంది.

"ఇది తీసుకెళ్ళిపోతున్నావా?" అని అడిగింది హంసిక.

"నీకు కావాలంటే ఉంచేస్తాను."

"కావాలి. కానీ నా నేమ్ కూడా ఉండాలి."

ఉలి లేదు. అల్లుడి పనిముట్ల పెట్టెలో ఒక గట్టి మేకు దొరికింది, ఒక సుత్తి దొరికింది. సుత్తి మరీ పెద్దది, అయినా సర్దుకున్నారు. గరాజ్‌లో పాత తువ్వాలు మడత పెట్టి దాని మీద గిన్నె బోర్లించారు. ఎక్కడ కొట్టాలో చూపించమని అడిగితే, హంసిక రెండు పేర్లనీ వదిలేసి పక్కనున్న ఖాళీ చూపించింది. యాభై ఏళ్ళుగా అలాగే పడి ఉన్న ఖాళీ అది.

"మేకు నిలువుగా పట్టుకో. చెయ్యి బిగించకు. చిన్న దెబ్బ చాలు, చుక్క పడితే చాలు," అని నేర్పింది రాధారాణి, ఒకప్పుడు తండ్రి తనకి చెప్పినట్టే. హంసిక నాలుక కొస బయటపెట్టి, ఒక కన్ను మూసి, సుత్తి ఎత్తింది.

మొదటి దెబ్బ గురి తప్పి పేర్ల వైపు జారింది, చుక్క పడలేదు. "మళ్ళీ కొట్టు, పర్లేదు," అంటూ రాధారాణి తన బొటనవేలు తీసి అత్తగారి పేరు మీద అడ్డం పెట్టింది.